వెల్డింగు యంత్రం కొనేముందు

కోయంబత్తూరులో పీళమేడు, గణపతి, ఆవారంపాళయం వైపు ఏ సందులోకి మళ్లినా ఇనుము మీద సుత్తి దెబ్బ వినబడకుండా పది గడపలు దాటలేము. మధురలో పుదూరు పారిశ్రామిక వాడకో, కప్పలూరుకో వెళ్లినా అంతే. ఆ చప్పుళ్ల నడుమ ఒక నీలి మెరుపు మెరిసి ఆరిపోతుంటుంది. కొలిమి, తిత్తి, సమ్మెట చేసే పనిలో సగం నేడు ఆ మెరుపే చేస్తున్నది. ఈ రెండు ఊళ్లలోని మన ఇళ్లలో ఈమధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న కూడా దాని గురించే: "మా అబ్బాయి సొంతంగా పట్టర పెడతానంటున్నాడు. ఏ మెషీను కొనమంటారు?"

ఇది చిన్న ప్రశ్న కాదు. పొలాలు అన్నదమ్ముల పంపకాల్లో చిక్కిపోయినవి. మిల్లులో ఉద్యోగమంటే ఒకప్పుడు పిల్లనిచ్చేవారు; కోవైలోని జాతీయ జౌళి సంస్థ మిల్లులు 2020లో ఆగిపోయిన సంగతి అందరూ ఎరిగినదే. ఐ.టి.ఐ. చదివి, నాలుగేళ్లు ఒకరి దగ్గర పని చేసి, చేతిలో విద్య ఉన్న కుర్రవాడు సొంత పట్టర వైపు చూడడం సహజం. దానికి పెట్టుబడి కావాలి. ఇంటి ఆడవారు ఇది మగవారి వ్యాసమనుకుని పుట తిప్పేయవద్దని మనవి. బ్యాంకు ఇచ్చే సొమ్ము చాలనప్పుడు తాకట్టుకు వెళ్లేవి వారి గాజులే గదా! ఏ యంత్రం కోసం వెళుతున్నవో వారికి తెలియడం న్యాయం.

మధురకు మనవాళ్లు విశ్వనాథ నాయకుని కాలంలో, అంటే 1529 ప్రాంతంలో, పెద్ద సంఖ్యలో వచ్చారు. కోవై వైపు వచ్చినవారు నల్లరేగడి భూములు పట్టి ప్రత్తి పండించారు, లోతు బావులు త్రవ్వారు. ప్రత్తి ఉన్నచోటికి 1888లో మొదటి నూలు మిల్లు వచ్చింది. 1930 తరువాత పైకారా జలవిద్యుత్తు వచ్చింది. కరెంటు వచ్చాక బావికి పంపు కావాలి, పంపుకు మోటారు కావాలి. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్లు కలిసి 1937లో ఇక్కడే మోటారు తయారు చేశారు. ఆ తరువాత టెక్స్‌టూల్, 1962లో లక్ష్మీ మెషీన్ వర్క్స్, వాటి చుట్టూ వందలాది చిన్న కార్ఖానాలు వెలసినవి. నాగలి పట్టిన కుటుంబాలు రెండు తరాల్లో లేతు పట్టినవి.

జి.డి. నాయుడు గారి యౌవనంలోని ఒక సంగతి మన ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఒక దొర మోటారు సైకిలు చూసి మోజుపడి, కూలి చేసి సొమ్ము కూడబెట్టి, దాన్ని కొని, నడపడానికి ముందు పూర్తిగా విప్పి మళ్లీ బిగించాడు. 2025లో అవినాశి రోడ్డు పైన కట్టిన పొడుగాటి వంతెనకు ఆయన పేరు పెట్టారు, సంతోషమే. అయితే కొనే వస్తువు లోపల ఏమున్నదో చూడాలన్న ఆయన పట్టుదల మాత్రం నేటి కొనుగోలుదారులలో అంతగా కనబడడం లేదు. వెల్డింగు యంత్రం ముఖాన 200, 250, 400 అని పెద్ద అంకె ఒకటి రాసి ఉంటుంది. మనవారు ఆ అంకె చూసి కొంటున్నారు. మా ఉద్దేశంలో ఆ యంత్రం మీద ఉన్న అక్షరాలన్నిటిలోకీ తక్కువ పనికివచ్చేది అదే.

ఎందుకో చెప్పేముందు మెరుపు సంగతి కొంచెం తెలుసుకోవాలి. రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీలో కరెంటు దూకినప్పుడు పుట్టే వేడి 5,000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము కరగడానికి 1,500 చాలు. రష్యా దేశస్థుడు బెనార్డోస్ 1880 ప్రాంతంలో బొగ్గు కడ్డీతో ఈ మెరుపు పుట్టించి లోహాలను అతికాడు. అయితే కరిగిన ఇనుమును గాలి పాడు చేసేది, అతుకు పెళుసుగా వచ్చేది. స్వీడనులో ఓస్కార్ షెల్‌బెర్గ్ 1904 నాటికి కడ్డీకి మందు పూత పూసి ఆ చిక్కు విప్పాడు. పూత కాలి పొగ అయి గాలిని తోసివేస్తుంది, మిగిలినది చిట్టెంగా గడ్డకట్టి అతుకును కప్పుతుంది. నేటికీ మన పట్టరల్లో వెల్డరు సుత్తితో తట్టి రాల్చేది ఆ చిట్టెమే.

ఇక అంకె సంగతి. రాడ్డు లావును బట్టి ఆంపియర్లు కావాలి. మిల్లీమీటరుకు సుమారు 40 అని పాత వెల్డర్ల లెక్క. కిటికీ గ్రిల్లుకు వాడే రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకు 60 నుండి 90 చాలు. గేట్లకు, స్టాండ్లకు వాడే 3.15 రాడ్డుకు 90 నుండి 130. నాలుగు మిల్లీమీటర్లదానికి 140 నుండి 180. చిన్న పట్టరలో నూటికి తొంభై పాళ్లు పని ఇంతలోనే తెమిలిపోతుంది. మరి 400 దేనికి?

ఆ ఆంపియర్లు యంత్రం ఎంతసేపు ఇవ్వగలదు అన్నది అసలు ప్రశ్న. వెనుకవైపు రేకు మీద చిన్న అక్షరాల్లో శాతం గుర్తుతో ఒక అంకె ఉంటుంది, దాన్నే డ్యూటీ సైకిల్ అంటారు. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అని ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి. తగ్గించి వాడితే ఎక్కువసేపు కాల్చవచ్చు. ఆంపియర్లను వాటితోనే హెచ్చించి, శాతంతో హెచ్చిస్తే వచ్చే మొత్తం ఇంచుమించు మారదు. ఈ లెక్క చేతిలో ఉంటే అంగడివాడు కళ్లకు గంతలు కట్టలేడు. మాట వరుసకు రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి ఉన్నవనుకోండి. ఒకదాని ముఖాన 200, వెనుక 60 శాతం. రెండవదాని ముఖాన 250, వెనుక 20 శాతం. విరామం లేకుండా నడిపితే మొదటిది 155 ఆంపియర్ల వరకు ఇస్తుంది, రెండవది 112 దగ్గర ఆగిపోతుంది. నాలుగు మిల్లీమీటర్ల రాడ్డు పెట్టి 160 మీద కాలిస్తే మొదటిది పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలకు పైగా పని చేస్తుంది, రెండవది అయిదు నిమిషాలు కూడా నిలవదు. పెద్ద అంకె ఉన్నదే చిన్న యంత్రం!

ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ శాతాన్ని 40 డిగ్రీల వేడిలో పరీక్షించి రాయాలి. కొందరు 25 డిగ్రీల దగ్గరే చూసి రాసేస్తారు. మే నెలలో, రేకుల కప్పు కింద, మధురలో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతుందో వారే చెప్పాలి. రేకు మీద డిగ్రీలు రాసి లేకపోతే నోరు విడిచి అడగాలి.

అసలు శాతమే రాసి లేకపోతే ఏం చేయాలి? ప్లగ్గు చూడాలి. ఈ ఉపాయం ఎవరైనా ఇంటి దగ్గర కాగితం మీద వేసుకోవచ్చు. మెరుపు నిలవడానికి కావలసిన వోల్టులు ఆంపియర్లను బట్టి ఉంటవి. ఆంపియర్లను 0.04తో హెచ్చించి 20 కలపండి. 250 ఆంపియర్లకు 30 వోల్టులు వస్తుంది. రెండూ హెచ్చిస్తే 7,500 వాట్లు. ఇప్పుడు ఆ యంత్రానికి 16 ఆంపియర్ల ఇంటి ప్లగ్గు తగిలించి ఉన్నదనుకోండి. 230 వోల్టుల దగ్గర ఆ ప్లగ్గు గుండా న్యాయంగా వచ్చేది 3,680 వాట్లకు మించదు. లోపలి నష్టాలు పోను మెరుపుకు మిగిలేది మూడు వేలు. మూడు వేల వాట్లతో 120 ఆంపియర్లే కాలుతవి. ముఖాన 250 రాసుకోవడం శేరు పాలలో రెండు శేర్ల వెన్న తీస్తాననడం వంటిది.

ఆ 120 ఆంపియర్ల యంత్రాన్ని పనికిమాలినదని మేము అనడం లేదు. మధురలో మనవారి పిల్లలు ఎక్కువగా చేస్తున్నది గ్రిల్లులు, గేట్లు, మెట్ల కమ్మీలు, షట్టర్లు. సగం పని పట్టరలో, సగం పని గిరాకీ ఇంటి మూడో అంతస్తులో. అక్కడికి నూరు కిలోల ట్రాన్స్‌ఫార్మరు యంత్రాన్ని ఎవరు మోస్తారు? అక్కడ దొరికే కరెంటు కూడా ఆ ఇంటివారి ప్లగ్గే. రెండున్నర రాడ్డును 80 ఆంపియర్ల మీద కాలిస్తే రెండు వేల వాట్లకు లోపే, ప్లగ్గు భరిస్తుంది. ఎనిమిది కిలోల లోపు ఇన్వర్టరు యంత్రం భుజాన తగిలించుకుని మెట్లెక్కవచ్చు. చేతి రాడ్డు పనిలో కొలవడం, పట్టుకోవడం, రాడ్డు మార్చడం, చిట్టెం తట్టడం పోను నిజంగా మెరుపు వెలిగేది పది నిమిషాల్లో మూడే కాబట్టి, శాతం కొంచెం తక్కువైనా గడిచిపోతుంది. ఇటువంటి పట్టరకు పెద్ద యంత్రం కొనడం అప్పు పెంచుకోవడమే. మామగారు పెద్దది కొనమన్నారని కొన్నవారిని చూశాము. మామగారి మాట గౌరవించవలసినదే, అయితే నెలనెలా వడ్డీ కట్టేది అల్లుడు.

కల్యాణ మండపాల వంటశాలలకు, హోటళ్లకు స్టెయిన్‌లెస్ స్టీలు బల్లలు, తొట్లు చేసేవారి సంగతి వేరు. అక్కడ రేకు మందం ఒక మిల్లీమీటరు. దానికి కావలసినది టంగ్‌స్టన్ కొనతో, ఆర్గాన్ గ్యాసు నీడలో చేసే టిగ్ వెల్డింగు. ఆంపియర్లు 30, 40 చాలు. అందువల్ల ఈ పనివారు పైఅంకె చూడనక్కరలేదు, కింది అంకె చూడాలి. యంత్రం 10 ఆంపియర్ల దగ్గర వణకకుండా నిలుస్తుందా? కొనను రేకుకు తాకించకుండానే మెరుపు అందుకుంటుందా? తాకించి వెలిగించే రకమైతే కొన మసిబారి, తళతళలాడవలసిన అతుకు మీద మచ్చ పడుతుంది. అల్యూమినియం కూడా చేయదలచినవారికి ఏ.సి., డి.సి. రెండూ ఇచ్చే టిగ్ యంత్రం కావాలి. వెల ఎక్కువే. ఆ గిరాకీ చేతిలో ఉంటేనే కొనాలి, వస్తుందన్న ఆశతో కాదు.

కోవైలో పని తీరు మరొకటి. పంపు కింద ఫ్రేము, యంత్రాలకు స్టాండ్లు, వెట్ గ్రైండరుకు చట్రం. వెట్ గ్రైండరు ఈ ఊరి బిడ్డ. 1955లో పి. సభాపతి రుబ్బురోలుకు మోటారు తగిలించిన నాటినుండి దక్షిణాదిలో ఇడ్లీ పిండి రుబ్బే శ్రమ తగ్గింది. తరువాత దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇటువంటి పనిలో ఒకే అతుకు రోజుకు రెండు వందలసార్లు వేయాలి. అక్కడ చేతి రాడ్డు గిట్టుబాటు కాదు. రాడ్డులో నూటికి 60, 65 పాళ్లు మాత్రమే అతుకులో చేరుతుంది. మిగిలినది తుంటలుగా, చిట్టెంగా, నిప్పురవ్వలుగా పోతుంది. చుట్ట నుండి తీగ తనంతట తానే వచ్చే మిగ్ యంత్రంలో తీగ నూటికి 90 పాళ్లకు పైగా అతుకవుతుంది, చిట్టెం తట్టే పనే లేదు. కాని దీనిలో మెరుపు ఆగకుండా వెలుగుతుంది కాబట్టి శాతం చాలా ముఖ్యం. పని చేసే ఆంపియర్ల దగ్గర 60కి తగ్గితే కొనవద్దు. బొగ్గుపులుసు వాయువు సిలిండరు, రెగ్యులేటరు, తీగ చుట్ట, టార్చి కొనలు, అన్నీ కలిపి వెల కట్టించుకోవాలి. గాలి వీచేచోట గ్యాసు కొట్టుకుపోయి అతుకు జల్లెడలా వస్తుంది కాబట్టి దీన్ని గిరాకీ ఇంటి మేడ మీదికి తీసుకుపోయే ఆలోచన పెట్టుకోవద్దు.

తిరుచ్చి వైపు చూసేవారు కూడా ఉన్నారు. అక్కడ 1965 నుండి నడుస్తున్న భెల్ కార్ఖానా బాయిలర్ల పనిమీద ఎన్నో చిన్న పట్టరలు బ్రతుకుతున్నవి. ఆ పనికి 7018 అనే తక్కువ హైడ్రోజను రాడ్డు కావాలి. మామూలు ఏ.సి. ట్రాన్స్‌ఫార్మరు మీద అది సరిగా వెలగదు, డి.సి. ఇచ్చే యంత్రం కావాలి. రాడ్లను 300 డిగ్రీలపైన కాల్చి ఆరబెట్టే పొయ్యి కావాలి. అన్నిటికంటె ముందు పరీక్ష ప్యాసయిన వెల్డరు కావాలి. అదే ఆవరణలో 1975లో స్థాపించిన వెల్డింగు పరిశోధన సంస్థ ఇటువంటి శిక్షణకు పేరు మోసినది. మధురకు దగ్గర, కోవైకీ మరీ దూరం కాదు. యంత్రానికి పెట్టే సొమ్ములో కొంత అబ్బాయి శిక్షణకు పెట్టడం మంచిదని మేమంటాము.

ఇంతవరకు ఇన్వర్టరు పక్షాన మాట్లాడినట్లున్నది. పాత ట్రాన్స్‌ఫార్మరు యంత్రానికి కూడా న్యాయం చేయాలి. అందులో ఉన్నది రాగి తీగ, ఇనుప రేకులు, నూనె. చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లు నడిచినవి ఉన్నవి. కాలిపోతే మళ్లీ చుట్టించవచ్చు. మోటార్ల ఊరైన కోవైలో చుట్టేవాడికి కరువు లేదు. దాని లోపం కరెంటు దగ్గర. 120 ఆంపియర్ల మీద రోజుకు రెండు గంటలు మెరుపు వెలిగే పట్టరకు మేము లెక్క వేసి చూశాము. ట్రాన్స్‌ఫార్మరు నూటికి 70 పాళ్లు, ఇన్వర్టరు 85 పాళ్లు పనికి తెస్తుందనుకుంటే, ఖాళీగా ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు తాగే కరెంటు కూడా కలిపి, రోజుకు మూడు నాలుగు యూనిట్ల తేడా వస్తుంది. అది పెద్దది కాదు. అసలు తేడా లైను మీద పడే బరువులో ఉన్నది. అదే పనికి ట్రాన్స్‌ఫార్మరు తొమ్మిది కె.వి.ఏ. దాకా లాగితే, ఇన్వర్టరు అయిదుతో సరిపెడుతుంది. వీధి చివర ఉన్న పట్టరలో రాడ్డు తాకించగానే పక్కింట్లో దీపాలు మంకిపోయి, ఫ్యాను నెమ్మదించి, పక్కింటి అత్తయ్య గడపలోకి వచ్చి నిలబడడం దీనివల్లనే. ట్రాన్స్‌ఫార్మరుకు తగిన కెపాసిటరు తగిలిస్తే ఈ బరువు కొంత తగ్గుతుంది; అది లేకపోతే కరెంటాఫీసువారు కూడా ఊరుకోరు. ఇన్వర్టరుకు ఆ వైద్యం పనిచేయదు, దాని జబ్బు వేరు.

అంచేత మా సలహా ఇది. మూడు ఫేజుల లైను వచ్చి, లావు పని రోజంతా ఉండి, యంత్రం కదలనక్కరలేని చోట పాతరకం మంచి ట్రాన్స్‌ఫార్మరు, లేదా డి.సి. కావలసినవారికి రెక్టిఫయరు, ఇప్పటికీ చెడ్డ బేరం కాదు. ఒంటి ఫేజు లైను, తిరుగుడు పని ఉన్నవారికి ఇన్వర్టరు తప్ప దారి లేదు. ఒకే వస్తువు వందల్లో చేసేవారికి మిగ్. ముందు ఆర్డరు పుస్తకం చూసుకుని, తరువాత కరెంటు మీటరు చూసుకుని, ఆ తరువాతనే అంగడికి వెళ్లాలి.

అంగడికి ఉత్త చేతులతో వెళ్లవద్దు. రోజూ వాడే రాడ్లు ఒక గుప్పెడు, రోజూ అతికే ఇనుప ముక్కలు నాలుగు తీసుకుని, మధ్యాహ్నం ఎండవేళ వెళ్లాలి. కావలసిన ఆంపియర్ల మీద పెట్టి, రాడ్డు తరువాత రాడ్డుగా పది నిమిషాలు కాల్చి చూడాలి. పసుపు దీపం వెలిగి ఆగిపోయిందా, ఎంతసేపటికి ఆగింది, మళ్లీ ఎంతసేపటికి లేచింది, గడియారం చూసి రాసుకోవాలి. తరువాత ముప్ఫై మీటర్ల పొడిగింపు తీగ తగిలించి మళ్లీ కాల్చమనాలి. మన సందుల్లో సాయంత్రంవేళ వచ్చే తగ్గు వోల్టేజీ అంగడిలో కనబడదు; పొడుగు తీగ కొంతవరకు దాన్ని చూపుతుంది. దీనికి ఒప్పుకోని అంగడి నుండి నమస్కారం పెట్టి బయటికి వచ్చేయవచ్చు. కూడా వచ్చిన తీగలు రాగివా, అల్యూమినియంవా, మందం ఎంత అన్నది కూడా చూడాలి. 200 ఆంపియర్లకు 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి. చాలా యంత్రాలతో వచ్చేది అందులో సగం.

బేరం కుదరకముందే మరొక మాట అడగాలి. లోపలి కార్డు పోతే ఎవరు బాగు చేస్తారు? ఈ ఊళ్లోనా, మద్రాసుకు పంపాలా? ఎన్నాళ్లు? ఆ రోజుల్లో బదులు యంత్రం ఇస్తారా? ఒక్కటే యంత్రం ఉన్న పట్టరలో అది పది రోజులు లేకపోతే గిరాకీ పక్క సందుకు పోతాడు, మళ్లీ రాడు. అందువల్లనే ఒక పెద్ద యంత్రం కంటె రెండు చిన్నవి మేలని అనుభవజ్ఞులు కొందరు అంటారు. మాకూ అది సబబుగానే తోస్తున్నది.

యంత్రానికి సొమ్ము కట్టకముందే కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు ఇవ్వాలి. ఇంటి మీటరు మీద పట్టర నడిపితే ఎప్పుడో ఒకప్పుడు జరిమానా తప్పదు. అప్పు, సబ్సిడీల సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, ఆ కాగితాలు వచ్చాకనే కొనాలి; ముందే కొన్న యంత్రానికి సబ్సిడీ రాకపోవచ్చు.

ముసుగు, తోలు చేతొడుగులు, తోలు ముందుగుడ్డ యంత్రంతోపాటే కొనాలి. తరువాత చూద్దామనుకుంటే కళ్లలో ఇసుక పోసినట్లుండే ఆ రాత్రి ఎలాగూ వస్తుంది. జింకు పూత ఉన్న ఇనుమును మూసిన గదిలో కాల్చవద్దు. ఆ తెల్లని పొగ పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది.

ఇన్వర్టరును గ్రైండింగు రాయికి ఎంత దూరంగా పెడితే అంత మంచిది. రాయి నుండి లేచే ఇనుప ధూళిని లోపలి ఫ్యానే పీల్చుకుని కార్డుల మీద పరుస్తుంది, ఒక చెమ్మరోజున అది కాస్తా షార్టవుతుంది. బల్లులు కూడా వెచ్చదనానికి అందులో దూరుతవి. పక్షానికొకసారి ప్లగ్గు పీకి, లోపలి కెపాసిటర్లలోని కరెంటు దిగిపోవడానికి పావుగంట ఆగి, మూత విప్పి, పొడి గాలితో మెల్లగా ఊదించాలి. కంప్రెసరు తొట్టిలోని నీటిని ముందుగా వదిలేయడం మరువవద్దు.